ఇరవై దగ్గర ఆపిన లెక్క

ఆ ఏడాది నేను చేసిన తప్పుకి కరెంటు కోతల పట్టిక కారణమని చెబితే ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోండి. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక, చైతన్యపురి వైపు పోయే సందులో, ఒక ఇంటి డాబా మీద వేసిన ఒంటి గదిలో కిరాయికి ఉండేదాన్ని. పీహెచ్‌డీ చివరి సంవత్సరం. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. యూనివర్సిటీలో తరగతులు లేవు, మెస్ మూతపడింది, మా డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ల్యాబుకి తాళం పడింది. సమ్మె బొగ్గు గనుల దాకా పాకడంతో ఊరంతా కరెంటు కోతలు. నా ఫెలోషిప్ ఆ నెలాఖరుతో ఆగిపోతుంది. ఈలోగా థీసిస్ ఇచ్చే ముందు ఇవ్వాల్సిన సెమినార్ ఇచ్చి గట్టెక్కితే బతికిపోయినట్టే. లేకపోతే నల్లగొండ దగ్గర మా ఊరికి పోయి, ఐదేళ్ళు పట్నంలో ఏం వెలగబెట్టావని అడిగే ప్రతి మనిషికీ జవాబు చెప్పుకోవాలి. సెమినార్‌కి ఇంకా పదకొండు రోజులుంది.

నేను చేసే పనేమిటో కాస్త చెప్పాలి. ఎలక్ట్రాన్ ఒకటి వచ్చి పరమాణువుని ఢీకొని, దారి మళ్ళి పోతుంది. ఎన్ని మళ్ళాయి, ఎటు మళ్ళాయి అని లెక్కగట్టడం పాత విద్యే. అదే ఢీ బలమైన లేజర్ వెలుగులో జరిగితే ఏమవుతుందన్నది నా ప్రశ్న. లేజర్ ఎలక్ట్రాన్‌ని ఊపేస్తుంది. ఆ ఊపులో ఢీకొన్న ఎలక్ట్రాన్ వెలుగు దగ్గర ఒక ఫోటాన్, అంటే ఒక వెలుగు కణం, లాక్కుని వేగంగా పోవచ్చు, రెండు లాక్కోవచ్చు, పది లాక్కోవచ్చు. లేదా తన శక్తిలోంచే ఒకటో పదో ఫోటాన్లు వెలుగుకి ఇచ్చేసి నెమ్మదిగా పోవచ్చు. ఒకటి తీసుకున్నవెన్ని, రెండు తీసుకున్నవెన్ని, మూడు ఇచ్చినవెన్ని అని విడివిడిగా కట్టి, చివర్లో అన్నీ కలపాలి. కలిపితే, లేజర్ లేనప్పుడు ఎన్ని మళ్ళేవో దాదాపు అన్నే రావాలని ఒక పాత నియమం ఉంది. లేజర్ వాటిని పంచుతుందే తప్ప మింగెయ్యదని దాని అర్థం. అయితే అది కొన్ని షరతుల మీద నిలబడ్డ నియమం. లేజర్ బాగా బలంగా ఉంటే అది తప్పుతుందేమో చూడమని మా గైడ్ సార్ నాకు అప్పజెప్పారు.

తప్పింది. నా గ్రాఫులో బ్రహ్మాండంగా తప్పింది. లేజర్ బలం పెంచుకుంటూ పోతే గీత ఒక చోటు దాకా సమంగా నడిచి, అక్కణ్ణుంచి గబగబా కిందికి దిగిపోయింది. అంటే బలమైన వెలుగులో ఎలక్ట్రాన్లు మళ్ళడమే తగ్గిపోతోంది! సార్ ఆ కాగితం చూసి కుర్చీలోంచి లేచారు. "ఇదమ్మా నీ థీసిస్. ముందున్న నాలుగు చాప్టర్లూ దీనికి ముందుమాట" అన్నారు. ఆయన ఎవర్నీ పొగిడే మనిషి కాదు. ఆ రోజు బస్సులు దొరక్క సగం దూరం నడిచి వచ్చినా కాళ్ళ నొప్పి తెలియలేదు. గీత వంగిన చోటుకి త్రెషోల్డ్ అని పేరు కూడా పెట్టేశాను. పిల్ల పుట్టకముందే బారసాల చేసే రకం నేను.

ఇక కరెంటు సంగతి. నా దగ్గరున్నది మలక్‌పేటలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత కంప్యూటర్. ప్రోగ్రాం నా సీనియర్ ఒకాయన రాసిపెట్టి పోయింది. దానికి ముందుగా ఒక అంకె ఇవ్వాలి, ఎన్ని ఫోటాన్లు తీసుకున్న, ఇచ్చిన ఎలక్ట్రాన్ల దాకా లెక్కలో కలపాలో చెప్పే అంకె. ల్యాబులో వంద ఇచ్చేవాళ్ళం. వంద ఇస్తే నా డబ్బా మీద గ్రాఫులో ఒక్క చుక్క రావడానికి పన్నెండు గంటలు పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. జరిగినంత పనిని దాచుకునే ఏర్పాటు ఆ ప్రోగ్రాంలో లేదు, ఉన్న కొద్ది రోజుల్లో దాన్ని కెలికే ధైర్యం నాకూ లేదు. పేపర్లో వేసిన కోతల పట్టిక కత్తిరించి గోడకి అంటించాను. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. రాత్రిళ్ళయితే చెప్పాపెట్టకుండా తీసేసేవాళ్ళు. నమ్మకంగా దొరికేది రెండు కోతల మధ్య మూడు గంటలే. ఆ మూడు గంటల్లో పని అయ్యేలా అంకె తగ్గిస్తూ పోతే ఇరవై దగ్గర సరిగ్గా కుదిరింది. మనసు ఊరుకోక, లేజర్ బలం తక్కువ ఉన్న చోట, ల్యాబుకి తాళం పడకముందు వంద వేసి తెచ్చుకున్న జవాబు పక్కన ఇరవై వేసి చూశాను. రెండింటికీ ఒకటే జవాబు వచ్చింది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ రోజుల్లో నేను ఒక చోట కూర్చున్న గుర్తు లేదు. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ డాబా మీద ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగేదాన్ని. మెయిన్ రోడ్డు నుంచి నినాదాలు వినిపిస్తే చెప్పులేసుకుని పరిగెత్తేదాన్ని, గంట కాకముందే లెక్క ఆగిపోయిందేమోనని మళ్ళీ పరిగెత్తి వచ్చేదాన్ని. రోడ్డు మీదుంటే గది గుర్తొచ్చేది, గదిలో ఉంటే రోడ్డు గుర్తొచ్చేది. అన్నం వండుకోవడం మానేసి అరటిపళ్ళతో, బన్నులతో కాలక్షేపం చేశాను.

కింది వాటాలో ఇంటావిడ ఉండేది. గుంటూరు వైపు మనిషి. భర్తకి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు. పెళ్ళయిన కొత్తలో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. నేను ఆంటీ అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది, కోపం వస్తే ఏమే అనేది. కరెంటు పోగానే కింద ఇన్వర్టర్ చిన్న కూత పెట్టేది, వాళ్ళ ఫ్యాను ఆగకుండా తిరిగేది. ఇన్వర్టర్ కింది వాటాకేనని నేను గదిలో దిగిన రోజే చెప్పింది. అయినా ఒకరోజు సిగ్గు విడిచి అడిగాను.

"ఆంటీ, జర నా కంప్యూటర్‌కి ఒక్క లైను ఇయ్యరాదు? కోత ఉన్నంతసేపే."

"బాగుందమ్మాయ్. సమ్మె చేసి కరెంటు తీయించేదీ మీరే, వచ్చి ఇన్వర్టర్ అడిగేదీ మీరేనా? నిన్న నిన్ను టీవీలో చూశాను. ఎల్బీనగర్ చౌరస్తాలో గరిటె తిప్పుతున్నావుగా!"

నిజమే. ఆ రోజు వంటావార్పు. రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తిన్నాం. పప్పు గుండిగ దగ్గర నేనే ఉన్నాను.

"ఔ, కలిపిన. ఉప్పెక్కువైంది గూడ" అన్నాను.

"గదిలో ఒక్కనాడు పొయ్యి వెలిగించవు, నడిరోడ్డు మీద మాత్రం వంటలు" అని నవ్వి, ఆ నవ్వు అయిపోకుండానే గొంతు తగ్గించింది. "అది సరే గానీ, రాష్ట్రం వస్తే మమ్మల్ని ఉండనిస్తారంటావా?"

"మిమ్మల్నెవరు పొమ్మన్నరు ఆంటీ" అన్నాను. అన్నానే గానీ కొన్ని గోడల మీద నేను చూసిన రాతలు గుర్తొచ్చి ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆ చూడలేకపోవడానికి కూడా కోపమే వచ్చింది నాకు. ఇన్వర్టర్ మీరే పెట్టుకోండని మెట్లెక్కేశాను.

సెమినార్ ఇంకా ఆరు రోజులుందనగా ఎల్బీనగర్‌లో స్లైడ్లు ప్రింటు తీయించుకుని బస్సెక్కాను. బస్సులు అరకొరగా తిరుగుతున్నాయి, నిలబడ్డానికి కూడా సందు లేదు. కొత్తపేటలో ఇంటావిడ ఎక్కింది. పండ్ల మార్కెట్ నుంచి వస్తోంది, చేతిలో బత్తాయిల సంచి. ఇన్వర్టర్ మాట తర్వాత మేం ఎదురుపడటం అదే మొదలు. నేను పక్కకి చూశాను, ఆవిడా పక్కకి చూసింది. నాలుగు నిమిషాలు కాకముందే జెండాలు పట్టుకున్న గుంపొకటి సందులోంచి రోడ్డు మీదికి దూసుకొచ్చింది. డ్రైవర్ బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ళమంతా ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డాం. ఇంటావిడ సంచి చిరిగి బత్తాయిలు బస్సంతా దొర్లాయి.

కోపం కోపమే గానీ, ఏరకుండా ఎట్లా ఉంటాను? వంగి, సీట్ల కింద చేతులు పెట్టి, మా ఇద్దరి కాళ్ళ చుట్టుపక్కల దొరికినవన్నీ ఆవిడ కొంగులో వేశాను. పద్నాలుగు తేలాయి.

"అంతే ఆంటీ. ఇగ లెవ్వు" అన్నాను.

"లేకపోవడమేంటే? రెండు డజన్లు ఏరి మరీ కొన్నాను. అంత గట్టిగా బ్రేకు కొడితే కాళ్ళ దగ్గరే కూర్చుంటాయా? డ్రైవర్ దాకా పోయుంటాయి. వెనక్కి కూడా చూడమను, బండి కదిలినప్పుడు వెనక్కి దొర్లుతాయి."

కండక్టర్ అరిచాడు, "అందరు జర కాళ్ళ కింద జూడుండ్రి, అమ్మ బత్తాయిలు పడ్డయి." గేరు రాడ్డు పక్కన మూడు దొరికాయి. వెనక మగవాళ్ళ వైపు నుంచి ఒక్కొక్కటీ చేతులు మారుతూ వచ్చాయి. ఆఖరిది వెనక తలుపు మెట్టు మీద దొరికిందని ఒక పెద్దాయన అందించాడు. ఇరవై నాలుగు. ఒక్కటీ తగ్గలేదు.

నేను మాత్రం వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. గట్టిగా బ్రేకు కొడితే దూరం పోతాయి. లేజర్ బలం పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ తీసుకునే ఫోటాన్లూ, ఇచ్చే ఫోటాన్లూ ఎక్కువవుతాయి. ఇది నాకు తెలియని సంగతా? మొదటి చాప్టర్లో నా చేత్తో నేనే రాశాను. మరి ఇరవై దాటినవి నేనెక్కడ వెతికాను? బలం తక్కువ ఉన్న చోట ఇరవై సరిపోయింది కదా అని, బలం ఎక్కువ ఉన్న చోట కూడా నా కాళ్ళ దగ్గరే వెతుక్కుని, లేవు, తగ్గిపోయాయి అని ప్రకటించేశాను.

స్టాపు రాకముందే దిగి గదికి పరిగెత్తాను. కరెంటు లేదు, అయినా ఈ పనికి కరెంటు అక్కర్లేదు. త్రెషోల్డ్ అని ముద్దుగా పేరు పెట్టుకున్న చోట, ఎలక్ట్రాన్ ఎన్ని ఫోటాన్ల దాకా తీసుకోగలదో కాగితం మీద కట్టాను. ఇరవై. మళ్ళీ కట్టాను. మళ్ళీ ఇరవయ్యే. ప్రకృతిలో ఎక్కడా లేని గీతను మూడు గంటల కరెంటు నాచేత గీయించింది.

డాబా మీద ఎన్ని చుట్లు తిరిగానో తెలియదు. సెమినార్ విని తేల్చే కమిటీకి ఆ గ్రాఫు అప్పటికే వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అసలు నేననుకున్నది తప్పేమో, వంద వేసినా గీత అట్లాగే దిగుతుందేమో అని ఒక ఆశ. తేల్చుకోవాలంటే పన్నెండు గంటల కరెంటు కావాలి, అది కూడా రెండు రోజులు, రెండు చుక్కలకి. సాయంత్రం కిందికి దిగాను.

"ఆంటీ, ఇంకోసారి అడుగుతున్న. నా లెక్క తప్పయినట్టుంది. మళ్ళ జెయ్యాలె."

ఆవిడ బత్తాయిలు కడుగుతోంది. "తప్పని తేలితే ఏమవుతుంది?"

"నా పని ఐపోతది. ఊరికి పోతనేమో."

"తేలకపోతే?"

"పాసైపోతా."

"మరి తేల్చుకోవడం దేనికే?"

"తెలిసినంక ఊకుండబుద్ధయితలేదు ఆంటీ" అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుని, వంటింటి కిటికీ నుంచి నా గది దాకా చూపుతోనే కొలిచింది. "ఇక్కడున్న వైరు చాలదు. అంకుల్‌ని షాపు నుంచి తెమ్మంటాను" అంది. లోపలికి పోతూ ఆగింది. "పుస్తకం వేస్తే సాయం చేసినవాళ్ళందరి పేర్లూ వేస్తారంటగా. నా ఇన్వర్టర్ పేరు కూడా వెయ్యి." ఇద్దరం నవ్వాం.

ఆ ఇన్వర్టర్ వాళ్ళ ఫ్యాన్లనీ నా కంప్యూటర్నీ కలిపి మొయ్యలేదని మర్నాడు తెలిసింది. మొదటి కోతలోనే కుయ్యిమంది. ఆవిడ నన్ను పిలవలేదు. నేను మంచినీళ్ళకి దిగితే కింద ఫ్యాను ఆగి ఉంది, వరండాలో కుర్చీ వేసుకుని విసనకర్రతో విసురుకుంటోంది, మెడంతా చెమట. నేను ఏదో అనబోతే, "నీళ్ళు పట్టుకుని పో, దాన్ని ఒంటరిగా వదలకు" అని కసిరింది. రెండు రోజులు, రోజుకి మూడు కోతలు, ఆవిడ అట్లాగే కూర్చుంది. రోడ్డు మీద జై తెలంగాణ వినిపిస్తూనే ఉంది. ఆ రెండు రోజులూ నేను కదల్లేదు. ఎవరి పక్షాన ఉన్నానో తెలియని మనిషిలా కంప్యూటర్ ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

మొదటి చుక్క, దిగిపోయిన పాత గీతకి బాగా పైన పడింది. రెండోది దాని పక్కనే, అదే ఎత్తులో. లేజర్ లేనప్పుడు ఎంతో, దాదాపు అంతే. పాత నియమం చెక్కుచెదరలేదు. నా గొప్ప ఫలితం గాలికి పోయింది. మంచం మీద పడి ఏడ్చాను. ఏడుపు కిందికి వినిపించినట్టుంది, ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమైందే? దొరకలేదా?"

"దొరికినయ్ ఆంటీ. అన్నీ దొరికినయ్."

సార్‌కి చెప్పినప్పుడు ఆయన రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత, "కమిటీ దగ్గర పాతదే ఉంది. సెమినార్‌లో అదే చూపించు. థీసిస్‌లో సరిచేద్దాం" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, నా నెలాఖరు ఆయనకీ తెలుసు. నాకు ఆశ పుట్టింది, అబద్ధమెందుకు చెప్పాలి. సెమినార్ హాలు గుమ్మం దాటేదాకా రెండు గ్రాఫులూ చేతిలోనే ఉన్నాయి. రెండూ చూపించాను. మొదటిది తప్పని చెప్పాను.

"అయితే మీరు కనిపెట్టిన కొత్త విషయమేమిటి?" అని కమిటీలో ఒకాయన అడిగారు.

"కొత్తదేం లేదు సార్. అంత బలమైన లేజర్లో కూడా మొత్తం మారడం లేదు."

"ఇరవై దగ్గరే ఎందుకు ఆపారు?"

"రెండు కోతల మధ్య మూడు గంటలే కరెంటు ఉండేది సార్."

హాలంతా ఘొల్లుమంది. సార్ నవ్వలేదు. కమిటీ చాప్టరంతా తిరగరాయమంది, ఎనిమిది నెలలు పట్టింది. ఊరికి పోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతూ, అదే గదిలో ఉండి రాశాను. ఐదో చాప్టర్లో ఆ గ్రాఫు ఇప్పటికీ ఉంటుంది. ఎత్తుపల్లాలు లేని అడ్డగీత. థీసిస్ మొత్తంలో అంత చప్పటి బొమ్మ ఇంకోటి లేదు.

కృతజ్ఞతల పేజీ అన్నిటికన్నా చివర రాశాను. సార్‌కి, ప్రోగ్రాం రాసిన సీనియర్‌కి, ల్యాబు మిత్రులకి, అమ్మానాన్నలకి, ఆఖరికి మెస్సులో వడ్డించేవాళ్ళకి కూడా చెప్పాను. ఇంటావిడ గురించి రెండు వాక్యాలు రాశాను. రాశాక, ల్యాబులో అందరూ ముందు తిరగేసేది ఆ పేజీయేనని గుర్తొచ్చింది. నాతో చౌరస్తాలో కూర్చున్నవాళ్ళు. ఆంధ్రా ఆంటీ ఇన్వర్టర్‌తో పీహెచ్‌డీ జేసినవా అని ఒక్కరు అన్నా చాలు, నేను తట్టుకోలేననిపించింది. వాళ్ళలో ఎవరైనా నిజంగా అనేవారో లేదో ఇప్పటికీ తెలియదు. హాల్లో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నదాన్ని, ఆ రెండు వాక్యాలు కొట్టేశాను.

బైండు చేయించిన కాపీ ఒకటి పట్టుకుని కిందికి వెళ్ళాను. ఆవిడ చీర కొంగుకి చేతులు తుడుచుకుని, రెండు చేతులతో అందుకుంది. కళ్ళజోడు తెచ్చుకుని మొదటి పేజీలు తిరగేసింది. కృతజ్ఞతల పేజీ దగ్గర ఆగింది. పేపరు చదివేటప్పుడు చేసినట్టే వేలు పెట్టి, ఒక్కో పేరు మీదుగా నెమ్మదిగా కింది దాకా వచ్చింది. చివరి వరుస అయ్యాక, ఇంకా ఏమైనా ఉందేమోనని పేజీ తిప్పి వెనక కూడా చూసింది.

అక్కడ ఏమీ లేదు. కళ్ళజోడు సర్దుకుంది.

"మనం రెండు రోజులు చేశామే, ఆ గీత ఏ పేజీలో ఉందమ్మా?" అని అడిగింది.

తీసి చూపించాను.